ఇది కాస్త చదివిపెడతారా, మేష్టారూ!

ఉద్యోగం మానుకున్నవాడికి పొద్దు గడవదంటారు. నా సంగతి వేరు. ముప్పైమూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, పింఛను పుచ్చుకోవటం మొదలుపెట్టి నెల తిరక్కుండానే మా వీధివాళ్లు నాకు రెండో ఉద్యోగం ఇప్పించారు. దీనికి జీతం లేదు, సెలవులు లేవు, రిటైరుమెంటు అసలే లేదు. పొద్దున కాఫీ తాగి పేపరు విప్పేసరికి గేటు కిర్రుమంటుంది. ఆ వెంటనే, "ఇది కాస్త చదివిపెడతారా, మేష్టారూ!" అని వినిపిస్తుంది.

వచ్చేవాళ్లు చదువు రానివాళ్లని అనుకునేరు. ఎదురింటావిడ బి.ఏ. ప్యాసయింది. మూలయింటి అబ్బాయి ఇంజనీరు. వెనకవీధి పెద్దమనిషి ఆఫీసులో పాతికేళ్లు ఫైళ్లు మోసినవాడే. వీళ్లంతా పత్రికలు చదువుతారు, సీరియళ్లు చదువుతారు, కథలో అత్తగారు కోడలికి అన్యాయం చేసిందని నాతో వాదనకు కూడా దిగుతారు. కాని బీమా కంపెనీవాళ్ల ఉత్తరమో, బ్యాంకు కాగితమో, మునిసిపాలిటీ నోటీసో చేతిలో పడేసరికి ఆ చదువంతా ఎటు పోతుందో! కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు. కళ్లద్దాలు తుడుచుకుంటారు. చివరికి మడతపెట్టి జేబులోనో, సంచిలోనో పెట్టుకుని మా ఇంటికి బయలుదేరతారు.

వాళ్లు రావటం నాకు బాధ కాదు. వచ్చినప్పుడు వాళ్లనే మాట బాధ. "నా బుర్రకు ఎక్కటం లేదండీ" అంటారు. "మేమంత పెద్ద చదువులు చదవలేదు గదా" అంటారు. ఇన్నేళ్లలో ఒక్కరైనా, "ఈ కాగితం రాసినవాడికి రాయటం చేతకాలేదండీ" అన్న పాపాన పోలేదు. ఎంత చిత్రమో చూడండి! కూరలో ఉప్పెక్కువైతే వండినవాళ్లని అంటాం గాని మన నాలిక మంచిది కాదనుకోం. చెప్పు కరిస్తే కుట్టినవాణ్ణి అంటాం గాని మన కాలు వంకరని ఏడవం. ఒక్క కాగితం విషయంలోనే తప్పంతా మన నెత్తిన వేసుకుంటాం. అర్థం కాని రాత చూస్తే మనకు కోపం రాదు, సిగ్గు వస్తుంది. చదివేవాడు సిగ్గుపడి ఊరుకున్నంతకాలం రాసేవాడు మారవలసిన అవసరం ఏముంది?

పోనీ, సులువుగా చెప్పటం మనుషులకు సాధ్యం కాని పనా అంటే, అదీ కాదు. మా బజారులో మందులషాపు కుర్రవాడు రోజూ ఆ పని చేస్తూనే ఉన్నాడు. డాక్టరుగారి చీటీ చూసి మాత్రలు కాగితం కవరులో వేసి, దాని మీద 1–0–1 అని రాస్తాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. మూడంకెలు, రెండు గీతలు. తెలుగు వచ్చినవాడికీ అర్థమవుతుంది, రానివాడికీ అర్థమవుతుంది. అన్నానికి ముందా తర్వాతా అన్నది మాత్రం నోటితో చెబుతాడు. నన్నడిగితే అది కూడా రాయాలి. మా అక్కయ్య వంటివాళ్లు వీధి మలుపు తిరిగేలోగా మరిచిపోతారు.

కొన్ని మాత్రల పట్టీ మీద నిలువునా ఎర్రగీత ఉంటుంది, చూసే ఉంటారు. డాక్టరు చీటీ లేకుండా వేసుకోకూడని మందు అని దాని అర్థం. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖవారు ఈ గీత సంగతి జనానికి తెలియాలని ప్రచారం కూడా చేశారు. బిస్కట్ల పొట్లం మీద పచ్చచుక్క ఉంటుంది. మా ఆవిడ ధర చూడకముందు ఆ చుక్క చూస్తుంది.

ఇంతకంటె గొప్పది ఇంకొకటి జరిగింది మన దేశంలో. మొదటి సార్వత్రిక ఎన్నికలు, 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా. ఓటర్లు పదిహేడు కోట్లకు పైమాట. 1951 జనాభా లెక్కల ప్రకారం మనలో చదవటం, రాయటం వచ్చినవాళ్లు నూటికి 18 మంది. ఎన్నికలు జరిపిన సుకుమార్ సేన్‌గారు, "ముందు అందరూ అక్షరాలు నేర్చుకురండి, తర్వాత ఓటు సంగతి చూద్దాం" అని కూచోలేదు. పోలింగు బూతులో అభ్యర్థి అభ్యర్థికీ వేరే పెట్టె పెట్టించి, పెట్టె మీద గుర్తు అంటించారు. జోడెద్దులు, చెట్టు, గుడిసె, కంకీ కొడవలి. తనకు కావలసిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి వస్తే సరి. చదువు రాదని ఏ ముసలమ్మనూ ఎవరూ వెనక్కి పంపలేదు. జనాన్ని కాగితానికి తగినట్టు మార్చటం మాని, కాగితాన్ని జనానికి తగినట్టు మార్చారన్నమాట. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

అయితే అన్నిటికీ బొమ్మలు చాలవు. మాటలే కావలసిన చోటులుంటాయి. అక్కడ మాట సరిగా లేకపోతే ఏమవుతుందో పోయినేడు మా అక్కయ్య ఇంట్లో చూశాను.

అక్కయ్యకు డెబ్బై ఎనిమిది. బావగారు పోయి పదేళ్లయింది. ఒక్కడే కొడుకు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడు తల్లిని బాగా చూస్తాడు. కోడలూ మంచిపిల్లే. ఇల్లు అక్కయ్య పేరున ఉంది. "నా తర్వాత ఎలాగూ వాడిదేగా! నేనుండగానే కాగితాలు రాయించేస్తే వాడికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది" అని ఆవిడకే తోచింది. మేనల్లుడు దస్తావేజులు రాసే ఒకాయన దగ్గరకు వెళ్లి చిత్తు రాయించుకొచ్చాడు. మర్నాడు రిజిస్ట్రారాఫీసుకు వెళ్లాలనగా, "దేనికైనా మంచిది, తమ్ముడికి ఒకసారి చూపిద్దాం" అందట అక్కయ్య. కబురొస్తే వెళ్లాను.

నాలుగు పేజీలు. మొదటి పేజీ పైన మొదలైన వాక్యం నాలుగో పేజీలో గాని ముగియలేదు. మధ్యలో కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు. సదరు, యావత్తు, తాలూకు, దఖలుపరచి, పుత్రపౌత్ర పారంపర్యముగా, దానాది వినిమయ విక్రయములకు... వీటి నడుమ అష్టభోగాలు కూడా ఉన్నాయి: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. వెనకటికి అగ్రహారాలిచ్చేటప్పుడు రాజులు రాయించిన మాటలివి. ఇదేమో మూడు సెంట్లలో రెండు గదుల డాబా. నిధులుంటే ఈపాటికి మా బావగారే తవ్వి ఉండేవాడు. జలం అంటే మునిసిపాలిటీ కుళాయి, అదీ రోజు విడిచి రోజు.

అక్కయ్య ఆ కాగితాలు అప్పటికే రెండుసార్లు చదివిందట.

"బాగానే రాశాడురా" అంది.

"ఏం రాశాడు?" అన్నాను.

"ఇల్లు వాడికని."

"ఎప్పటినుంచీ?"

"అదేం ప్రశ్న? నేను పోయాక."

కాగితంలో ఉన్నది అది కాదు. మూడో పేజీ నడుమ, ఆ మాటల వరదలో, ఇల్లు ఈ దినముననే స్వాధీనపరచినట్టు, ఇక మీద తనకు గాని తన వారసులకు గాని దానిలో ఎట్టి హక్కూ లేనట్టు ఉంది. అది వీలునామా కాదు, దాన సెటిల్మెంటు. రెంటికీ భూమ్యాకాశాల అంతరం. వీలునామా అయితే రాసినవాళ్లు పోయిన తర్వాతగాని అమల్లోకి రాదు. బతికుండగా ఎన్నిసార్లయినా రద్దు చేసి తిరగరాసుకోవచ్చు. దానమైతే, ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరై, పుచ్చుకున్నవాడు ఒప్పుకుంటే అయిపోయినట్టే. మనసు మారిందని వెనక్కి తీసుకునేది కాదు.

ఈ సంగతి నేను మామూలు మాటల్లో చెప్పాను. అక్కయ్య కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే రేపటినుంచీ నేను ఎవరి ఇంట్లో ఉన్నట్టురా?" అంది.

మేనల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మామయ్యా, నేనూ చదివాను. నాకిలా అర్థం కాలేదు" అన్నాడు. వాణ్ణి నేను నమ్మాను. వాడు ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు; తెలుగు మీడియంలో చదివినా ఆ నాలుగు పేజీలూ అర్థమయ్యేవి కావు. చిత్తు రాయించుకొచ్చినవాడికీ తెలియదు, సంతకం పెట్టబోయే ఆవిడకూ తెలియదు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ అక్షరాలొచ్చినవాళ్లే. అయినా మర్నాడు పదకొండింటికి ఒక ఇల్లు చేతులు మారిపోయేది!

ఇందులో ఇంకో మెలిక ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో ఒక చట్టం వచ్చింది. ఆస్తి రాసిచ్చిన పెద్దవాళ్లను పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించమని ట్రిబ్యునల్‌ను అడిగే దారి ఆ చట్టం 23వ సెక్షనులో ఉంది. కాని, చూసుకోవాలనే షరతు మీద ఆస్తి ఇచ్చి ఉండాలి. ఆ షరతు ఉన్నట్టు కనబడాలని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అక్కయ్య దస్తావేజులో నిక్షేపాలున్నాయి, పాషాణాలున్నాయి. "నేను బతికినంతకాలం ఈ ఇంట్లోనే ఉంటాను, నా బాగోగులు మా అబ్బాయి చూస్తాడు" అన్న ఒక్క ముక్క లేదు. అంటే, అక్కర్లేనివన్నీ రాసి, ఆవిడకు కావలసినదే వదిలేశారు.

ఆ సాయంత్రం ముగ్గురం వరండాలో కూచున్నాం. "నీకేం కావాలో నీ మాటల్లోనే చెప్పు" అన్నాను. ఆవిడ చెప్పింది, నేను రాశాను. "నేనున్నంతకాలం ఇల్లు నాది. నా తర్వాత నా కొడుక్కి." ఆ కాగితం తీసుకుని మేనల్లుడు ఒక ప్లీడరుగారి దగ్గరకు వెళ్లాడు. ఆయన దాన్ని వీలునామాగా ఒకటిన్నర పేజీలో రాసిచ్చాడు. అక్కయ్య చదివి, "మనసు మారితే మార్చుకోవచ్చా?" అని అడిగింది. అర్థమైన కాగితానికి అదే గుర్తు. అర్థం కానప్పుడు మనిషి తల ఊపుతాడు. అర్థమైనప్పుడు ప్రశ్న వేస్తాడు. బళ్లో ముప్పైమూడేళ్లు నేను చూసిందీ ఇదే.

ఊరుకోలేక, మొదటి చిత్తు రాసినాయన్ను నేను వెళ్లి కలుసుకున్నాను. పోట్లాటకు కాదు, తెలుసుకుందామని. "ఇలా ఎందుకు రాస్తారండీ?" అన్నాను. ఆయన టీ తెప్పించి చెప్పాడు: "మా గురువుగారు ఇలాగే రాసేవారు. మార్చి రాస్తే రేపు కోర్టులో నిలవకపోతే నామీదికొస్తుంది." కొంచెం ఆగి నవ్వాడు. "పైగా, తేలికమాటల్లో రాస్తే నాకు ఫీజు ఎవరిస్తారు మేష్టారూ? మీరే రాసుకుంటారు." నాకు కోపం రాలేదు. ఇంత నిజం చెప్పేవాళ్లు ఎందరున్నారు?

ఆయన చెప్పని కారణం కూడా ఒకటుంది. కఠినంగా ఉంటేనే గౌరవమనే భ్రమ మనకు చిరకాలంగా ఉంది. ఇప్పటికి నూరేళ్ల పైచిలుకు కిందట, ఉత్తర జిల్లాల బళ్లు తనిఖీ చేసే యేట్స్ అనే దొర, తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే భాష ఒకటీ, పిల్లల పుస్తకాల్లో భాష ఒకటీ ఎందుకున్నాయని అడిగాడు. పరాయివాడు గనక అడిగాడు. మనకైతే తోచనే లేదు. ఆ ప్రశ్నను భుజాన వేసుకుని, పర్లాకిమిడిలో మేష్టరుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తిగారు జన్మంతా పోరాడారు. 1863లో పుట్టిన ఆ మనిషి 1940 జనవరిలో కన్నుమూయటానికి కొద్దిరోజుల ముందు కూడా వాడుకభాష గురించి పత్రికలవాళ్లకు విన్నపం చేసుకున్నారు. పండితులు ఆయన్ను తక్కువ తిట్టలేదు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఇవాళ తెలుగుభాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున కొన్ని సభలకు వచ్చే ఆహ్వానపత్రికల్లోని తెలుగు చూస్తే రామమూర్తిగారు మళ్లీ చెవుడు తెచ్చుకుంటారు. (నిజంగానే ఆయనకు వినికిడి పోయింది. సవరల భాష నేర్చుకోవటానికి అడవుల్లో తిరిగినప్పుడు వచ్చిన జ్వరానికి పుచ్చుకున్న మందు వల్ల అని చెబుతారు.)

తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో మాటకూ మాటకూ నడుమ ఖాళీ వదిలే ఆచారం లేదు. ఎక్కడ విరిచి చదువుకోవాలో చదివేవాడే కనిపెట్టాలి. అచ్చు వచ్చాక మెల్లమెల్లగా ఖాళీలు వచ్చాయి, కామాలు వచ్చాయి, పేరాలు వచ్చాయి. అరసున్నలు పోయాయి, బండిఱలు పోయాయి. పోయినప్పుడల్లా భాష నాశనమైపోయిందన్నవాళ్లున్నారు. భాష బతికే ఉంది. చదివేవాళ్లు మాత్రం పెరిగారు.

1966లో శాసనసభ చట్టం చేసి తెలుగును ఆంధ్రప్రదేశ్‌కు అధికారభాష చేసింది. సంతోషమే. కాని ఇంగ్లీషు పోయిన చోటికి వచ్చిన తెలుగు ఎలాంటిది? "ఇందుమూలముగా తెలియజేయడమైనది. తగు చర్య గైకొనబడును." తెలియజేసిందెవరు? చర్య గైకొనేదెవరు? ఎప్పుడు? ఆ "బడు" అనే ప్రత్యయం చాటున మనిషి దాక్కుంటాడు. మీ అర్జీ తిరస్కరించబడినది అంటే ఎవరి మీదా కోపం పెట్టుకోవటానికి వీల్లేదు. వానలాగా, వడగాలిలాగా అదే జరిగిపోయినట్టుంటుంది. నేను తిరస్కరించాను, ఫలానా కాగితం జతచేయలేదు గనక, ఫలానా తారీకులోగా తెచ్చి ఇవ్వండి అని రాస్తే, సగంమంది మా గేటు చప్పుడు చేయవలసిన పని ఉండదు.

ఈ విషయంలో వారపత్రికలవాళ్లను చూసి ఆఫీసులవాళ్లు నేర్చుకోవలసింది చాలా ఉంది. సీరియల్ మొదట్లో "జరిగిన కథ" అని నాలుగు ముక్కలు వేస్తారు. ఎంత మర్యాదో గమనించారా? పోయిన వారం పత్రిక పక్కింటివాళ్లు పట్టుకుపోయి ఉండొచ్చు. చదివేవాడు కొత్తగా చేరి ఉండొచ్చు. వాణ్ణి బయట నిలబెట్టకుండా చెయ్యిపట్టి లోపలికి తీసుకురావటమే అది. 1947 జూలైలో మొదలైన "చందమామ" అయితే పిల్లల కోసమని వచ్చి ఇంటిల్లిపాదికీ చదవటం నేర్పింది. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో పోయేదాకా అక్కడ కూచుని దిద్దిన తెలుగు చూడండి. ఎక్కడా సంధులు బిగించి గుండెల మీద రాయి పెట్టినట్టుండదు. అది తేలిక అని చాలామంది అనుకున్నారు. రాసి చూస్తేగాని తెలియదు. లెక్కలో కూడా అంతే: జవాబు దొరికించుకోవటం ఒక ఎత్తు, నాలుగో బెంచీ కుర్రవాడికి అర్థమయ్యేట్టు మెట్టు తర్వాత మెట్టు వేయటం ఒక ఎత్తు.

ఇప్పుడు ఇళ్లల్లో పత్రిక పక్కన ఫోను చేరింది. చదవటం ఎక్కువైందో తక్కువైందో గాని, ఫోనులో అక్షరాలు చూడని మనిషి కనబడటం లేదు. ఒకప్పుడు ఒక కంప్యూటరులో కొట్టిన తెలుగు మరో కంప్యూటరులో పిచ్చిగీతల్లా కనబడేది; ఎవరి అక్షరాలు వాళ్లవి. ప్రపంచభాషలన్నిటికీ ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే యూనికోడ్ 1991లో వచ్చినప్పుడే తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. అది కంప్యూటర్లలోకీ ఫోనుల్లోకీ దిగటానికి చాలా ఏళ్లు పట్టింది. దిగాక మన అక్షరం ఎక్కడికి పంపినా మన అక్షరంగానే చేరుతున్నది. యంత్రం తన వంతు చేసింది. మిగిలింది మనిషి వంతు.

మా మనవరాలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, తీరికవేళల్లో వాళ్ల నానమ్మ వంటలు రాసి నలుగురూ ఫోనుల్లో చదువుకునేట్టు పెడుతుంది. రాత బాగానే ఉంటుంది. దిబ్బరొట్టె గురించి రాసి, "ఎలా ఉంది తాతయ్యా?" అని అడిగింది. "నన్నడగకు. నాకు వంట రాదు, బాగుందంటాను. దిబ్బరొట్టె ఎన్నడూ చేయనివాళ్లకిచ్చి, పక్కన నోరు మూసుకుని కూచో" అన్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు పక్కింట్లో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయిని మా వంటింట్లోకి పిలిచాం. ఆ పిల్ల ఫోను చేత్తో పట్టుకుంది. మొదటి మూడు తెరలూ మా మనవరాలి చిన్నప్పటి వేసవి సెలవులు, పెరట్లో మామిడిచెట్టు, నానమ్మ గాజుల చప్పుడు. చాలా బాగుంది. కాని స్టవ్వు మీద బాణలి కాగుతున్నది! పిండివేలితో తెర కిందికి తోస్తూ, "అక్కా, పప్పెంతో ఎక్కడుంది?" అంటున్నదా పిల్ల. పప్పెంతో దొరికింది: "చిన్నగ్లాసుడు మినప్పప్పు, దానికి రెండింతలు బియ్యపురవ్వ." ఏ చిన్నగ్లాసు? అది మా ఇంట్లో మా అమ్మనాటి కంచుగ్లాసు. లోకంలో ఇంకెక్కడా లేదు. "పప్పు రుబ్బి" అని ఉంది. ఆ పిల్ల పొడిపప్పు తీసుకుని మిక్సీలో పోయబోయింది. మా ఆవిడ హాహాకారం చేసింది. "నానబెట్టాలే, తల్లీ!" "అలాగని రాయలేదుగా, మామ్మగారూ!" అంది ఆ పిల్ల. మా మనవరాలు పెదవి కొరుక్కుంది. నానబెట్టటం మా ఇంట్లో పుట్టినప్పటినుంచీ తెలిసిన విషయం గనక, రాయాలన్న సంగతే దానికి తోచలేదు.

ఇదే నాకు ముఖ్యంగా కనబడుతుంది. మనకు బొత్తిగా తెలియని విషయం రాసేటప్పుడు కాదు, బాగా తెలిసిన విషయం రాసేటప్పుడే చదివేవాణ్ణి గోతిలో దింపుతాం. దస్తావేజులాయనకు దానమంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా తెలుసు. అందుకే అక్కయ్యకు తెలియకపోవచ్చునని తోచలేదు. పండితుడైనా, గుమాస్తా అయినా, మా మనవరాలైనా, ఎవరో ఒక మనిషిని ఎదురుగా కూచోబెట్టుకుని, ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతున్నాడో చూడాలి. అక్కడ తప్పు చదివేవాడిది కాదు, ఆ వాక్యానిది.

మా మనవరాలు ఆ రాత్రే కూచుని మార్చింది. ఏమేం కావాలో, ఎంతెంతో, ఎన్ని గంటల ముందు నానబెట్టాలో మొట్టమొదట పెట్టింది. చిన్నగ్లాసును కొలిచి మిల్లీలీటర్లలో వేసింది. లేత బూడిదరంగులో నాజూకుగా ఉన్న అక్షరాలను నల్లగా, లావుగా చేసింది. బొమ్మలో ఇరికించిన మాటలు తీసి విడిగా రాసింది. బొమ్మలో అక్షరాలైతే మావంటివాళ్లు పెద్దవి చేసుకుంటే ఒక పక్క కనబడి రెండో పక్క మాయమవుతుంది. మామిడిచెట్టునూ గాజుల చప్పుడునూ పారెయ్యలేదు. రొట్టె మూతపెట్టి సన్నసెగ మీద కాలుతున్నంతసేపూ చదువుకోవటానికి చివర పెట్టింది. అది నాకు భలే నచ్చింది. సులువుగా రాయటమంటే సొగసంతా చెరిగిపోవటమేనని భయపడేవాళ్లు మా ఇంటికొచ్చి ఆ దిబ్బరొట్టె చదివి వెళ్లవచ్చు, తిని కూడా వెళ్లవచ్చు.

ఇక డబ్బు కాగితాలు. అప్పు ఇచ్చేటప్పుడు వడ్డీ ఎంత, ఖర్చులెంత, అన్నీ కలిపి ఏడాదికి నూటికి ఎంత పడుతుంది, వాయిదాలెన్ని అన్న సంగతులన్నీ ఒకచోట చేర్చి, ముందుగానే ఒక ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్లో ఆదేశించింది. ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి మనబోటివాళ్లు తీసుకునే కొత్త అప్పులకు ఇది వర్తించింది. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో అది ఉండాలి, విప్పి చెప్పాలి. అందులో రాయని ఖర్చు ఏదీ, మనం స్పష్టంగా ఒప్పుకోకుండా, తర్వాత వసూలు చేయకూడదు. వారమో అంతకంటె ఎక్కువో గడువున్న అప్పయితే, ఆలోచించుకోవటానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. ఎవరో మంచి మనసున్నవాళ్లే రాశారీ నియమం. కాని నియమం ఢిల్లీ, బొంబాయిల్లో పుట్టి మా ఊరి కౌంటరు దాకా నడిచి రావాలి గదా!

మొన్న మా పక్కసందులో కుట్టుపని చేసుకునే అమ్మాయి గొలుసు తాకట్టు పెట్టి, కరెంటు మిషను కొనుక్కోవాలని ఒక బ్యాంకుకు వెళ్లింది. ఇంగ్లీషు కాగితాలు ఏడో ఎనిమిదో ఇచ్చి, పెన్సిలుతో ఇంటూగుర్తులు పెట్టిన చోటల్లా సంతకాలు చేయమన్నారట. అలవాటు ప్రకారం మా ఇంటికొచ్చింది. "చదివిపెట్టను, పద" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. కౌంటరులో అబ్బాయి మర్యాదస్తుడు. "తెలుగులో ముఖ్య వివరాల పత్రం ఇవ్వండి" అని ఆ పిల్లచేతనే అడిగించాను. మొదట, "మా దగ్గర ఇంగ్లీషుదే ఉందండీ, అందరూ ఇక్కడే సంతకం పెడతారు" అన్నాడు. "అందరి సంగతీ కాదండీ, నాకు తెలుగే వచ్చు" అంది ఆ పిల్ల. గొంతు కొంచెం వణికింది గాని మాట గట్టిగానే వచ్చింది. అతను కంప్యూటరులో ఏవేవో నొక్కాడు. పావుగంటకు రెండు పేజీలు అచ్చయి వచ్చాయి. తెలుగే.

ఆ పిల్ల అక్కడే నిలబడి, వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదువుకుంటూ వచ్చింది. నేను పేపరు చూస్తున్నట్టు నటించాను. రెండో పేజీలో ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ 'ఇతర రుసుములు' అని ఉంది. ఇది దేనికండీ?"

కౌంటరు అబ్బాయి ఆ గడి వంక చూశాడు. మళ్లీ చూశాడు. "ఒక్క నిమిషం, మేనేజరుగారిని అడిగి వస్తాను" అని కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు. మేం బెంచీ మీద కూచున్నాం.